షుగర్ ఉన్నవాళ్లు మేడారం జాతరకు బయలుదేరే ముందు

ముందు రోజు రాత్రే పాదాలు చూసుకోండి. వంగలేకపోతే అద్దం కింద పెట్టండి, లేదా పిల్లలను చూడమనండి. వేళ్ల సందులు కూడా. పుండు, బొబ్బ, వాపు ఏది కనిపించినా ప్రయాణం ఆపి డాక్టర్‌కు చూపించండి. సమ్మక్క, సారలమ్మ తల్లులు ఏమీ అనుకోరు.

ఉత్త కాళ్లతో నడుస్తానని మాత్రం మొక్కుకోవద్దు. మా బాపు అలాగే నడిచాడు. జంపన్న వాగు దగ్గర కొబ్బరి పెంకు గుచ్చుకుంది. షుగర్ వల్ల అరికాలిలో స్పర్శ లేదు కాబట్టి తెలియనే లేదు. మూడో రోజు దుప్పటి మీద చీము మరక చూసి అమ్మ గుర్తుపట్టింది. చివరికి మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

కొత్త చెప్పులు వద్దు, అలవాటైన బూట్లే మేలు. తొడిగే ముందు లోపల చేయి పెట్టి రాళ్లున్నాయేమో తడమండి. తెల్ల సాక్సులు వేసుకుంటే రక్తం వెంటనే కనబడుతుంది. వాగులో తడిస్తే వేళ్ల మధ్య తుడవండి.

మాత్రలు, ఇన్సులిన్, బిస్కెట్లు దగ్గరే ఉంచుకోండి. తల్లుల బంగారం, అంటే ప్రసాదం బెల్లం, కళ్లకద్దుకుంటే చాలు, తినక్కర్లేదు.

కృత్రిమ కాలు ఉన్నవాళ్లు మిగిలిన కాలును ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. చేతికర్ర తీసుకెళ్లండి. కాలు ఊడదీసినప్పుడల్లా తీసేయగా మిగిలిన మొండి కాలు దగ్గర చర్మం ఎర్రబడిందేమో చూడండి. బాపు ఇప్పుడు తల్లుల గద్దెల దాకా పోయినా, గంటకోసారి కూర్చుని చూసుకుంటాడు.