నిశ్శబ్దంగా నడిచే కస్టమ్ వాటర్ కూలింగ్ కంప్యూటర్‌కు క్యాబినెట్ ఎలా ఎంచుకోవాలి?

ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల మీద వాటర్ బ్లాకులు (వేడిని నీటిలోకి పంపే లోహపు దిమ్మెలు) బిగించి, పంపు, రిజర్వాయర్ (నీళ్లు నిల్వ ఉండే డబ్బా), రేడియేటర్లను గొట్టాలతో కలిపి సొంతంగా అమర్చుకునే కంప్యూటర్‌కు ఖర్చూ శ్రమా రెండూ ఎక్కువే. అంత శ్రమకు సిద్ధపడేవారిలో చాలామంది కోరుకునేది చప్పుడు లేని గది. అయితే నీళ్లు వేడిని మాయం చేయవు. అవి ప్రాసెసర్ దగ్గర పుట్టిన వేడిని రేడియేటర్ దాకా మోసుకెళ్తాయి, అక్కడ దాన్ని గాలిలోకి పంపేవి మళ్లీ ఫ్యాన్లే. కాబట్టి ఆ ఫ్యాన్లు ఎన్ని ఉన్నాయి, ఎంత నెమ్మదిగా తిరిగితే సరిపోతుంది అన్నదాని మీదే నిశ్శబ్దం ఆధారపడుతుంది. దానికి హద్దు గీసేది క్యాబినెట్. అందుకే లోపల ఫోమ్ అతికించిన పెట్టె కోసం కాక, రేడియేటర్లకు చోటునూ గాలినీ ధారాళంగా ఇచ్చే పెట్టె కోసం ముందు వెతకాలి.

1. ముందుగా వేడిని లెక్కకట్టండి

మోడళ్లు చూడడానికి ముందే మీ భాగాలు గరిష్ఠంగా ఎన్ని వాట్ల వేడిని వెలువరిస్తాయో కాగితం మీద రాసుకోండి. ఉదాహరణకు ఏఎమ్‌డీ రైజెన్ 7 9800ఎక్స్3డీ ప్రాసెసర్ తీసుకోగల గరిష్ఠ విద్యుత్తు 162 వాట్లు, ఎన్విడియా జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 5080 గ్రాఫిక్స్ కార్డుది 360 వాట్లు. రెండూ కలిపితే 522 వాట్లు. గేములు ఆడేటప్పుడు ప్రాసెసర్ అంత విద్యుత్తు తీసుకోదు గానీ, లెక్క మాత్రం గరిష్ఠానికే వేసుకోవడం మంచిది.

120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి పట్టే రేడియేటర్ భాగాన్ని ఒక గడి అనుకుందాం. ఫ్యాన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతూ, నీళ్లు గదిలోని గాలి కన్నా 10 డిగ్రీలు వేడిగా ఉన్నప్పుడు ఒక్కో గడి సుమారు 60 నుంచి 80 వాట్ల వేడిని వదిలించగలదు. నీటికీ గాలికీ మధ్య తేడా పెరిగితే ఆ మేరకు ఈ సంఖ్యా పెరుగుతుంది. ఈ లెక్కన పై జంటకు ఆరు గడులు, అంటే మూడేసి 120 ఫ్యాన్లు వరుసగా పట్టే రెండు ‘360’ రేడియేటర్లు ఉంటే నీళ్లు గది కన్నా 12 లేదా 13 డిగ్రీలు పైన నిలబడతాయి. మే నెలలో ఏసీ లేని విజయవాడ ఇంట్లో గది 38 డిగ్రీలుంటే నీళ్లు 50 దాటుతాయి. విరివిగా వాడే డీ5 పంపు 60 డిగ్రీల దాకా తట్టుకునేలా తయారవుతుంది కాబట్టి వెంటనే ప్రమాదం లేదు, కానీ మన వేసవిని దృష్టిలో పెట్టుకుని ఇంకో రెండు గడులకు చోటుండేలా చూసుకోవాలని నా సలహా.

ఎక్కువ ఫ్యాన్లుంటే ఎక్కువ చప్పుడు వస్తుందన్న భయం సహజమే గానీ, లెక్క దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఒకే రకం ఫ్యాన్ల సంఖ్యను రెట్టింపు చేస్తే శబ్దం సుమారు 3 డెసిబెల్స్ పెరుగుతుంది, అదే ఫ్యాన్ వేగాన్ని సగానికి తగ్గిస్తే సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే 1500 చుట్లతో తిరిగే మూడు ఫ్యాన్ల కన్నా 750 చుట్లతో తిరిగే ఆరు ఫ్యాన్లు దాదాపు 12 డెసిబెల్స్ తక్కువ శబ్దం చేస్తాయి. ఏ ఫోమ్ షీటూ ఇంత తేడా తీసుకురాలేదు.

2. టేపుతో కొలిచి చూడండి

క్యాబినెట్ వివరాల్లో ‘పైన 360, ముందు 360’ అని ఉన్నంత మాత్రాన ఆ రెండూ ఒకేసారి పడతాయని అనుకోకూడదు. 360 రేడియేటర్ అసలు పొడవు రెండు చివర్లలోని నీటి తొట్లతో కలిపి 395 నుంచి 400 మిల్లీమీటర్లు ఉంటుంది. పలుచని రేడియేటర్ మందం దాదాపు 30, ఫ్యాన్ మందం 25, మొత్తం 55 మిల్లీమీటర్లు. 45 మందం ఉన్నదైతే 70 అవుతుంది. రేడియేటర్‌కు రెండు వైపులా ఫ్యాన్లు పెట్టాలనుకుంటే పలుచనిదానికే 80 కావాలి. దీనికి ఫిట్టింగుల (గొట్టాన్ని బిగించే మరల) ఎత్తూ, గొట్టం నొక్కుకుపోకుండా వంగడానికి కావలసిన జాగా కూడా కలపాలి.

పైభాగంలో చిక్కు ఎక్కువ. మదర్‌బోర్డు పై అంచుకూ క్యాబినెట్ పైకప్పుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో, రేడియేటర్ బిగించే రంధ్రాలు బోర్డుకు దూరంగా గాజు పలక వైపు జరిగి ఉన్నాయో లేదో చూడాలి. ప్రాసెసర్‌కు విద్యుత్తునిచ్చే కేబుల్ సాకెట్ సరిగ్గా ఆ మూలనే ఉంటుంది, ఫ్యాన్ దాని మీదికి వస్తే కేబుల్ పెట్టడానికి వేలు కూడా దూరదు. ఎత్తైన ర్యామ్ ఉంటే అదీ అడ్డు తగులుతుంది. ముందు రేడియేటర్ విషయంలో గ్రాఫిక్స్ కార్డు పొడవు చూడాలి. వాటర్ బ్లాక్ బిగించాక చాలా కార్డులు పొట్టివవుతాయి కాబట్టి బ్లాకుతో కలిపిన కొలతనే లెక్కలోకి తీసుకోండి.

ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. నీళ్లు ముందు ప్రాసెసర్‌కు వెళ్లాలా, కార్డుకు వెళ్లాలా అని చాలామంది తర్జనభర్జన పడతారు. గంటకు 200 లీటర్ల ప్రవాహంలో 522 వాట్ల వేడి మొత్తం కలిసినా నీటి ఉష్ణోగ్రత చుట్టు పొడవునా రెండు డిగ్రీల పైచిలుకు మాత్రమే మారుతుంది. కాబట్టి వరుసను పట్టించుకోకుండా, గొట్టాలు తక్కువ వంపులతో పొట్టిగా ఉండేలా అమర్చుకోవచ్చు. ఒక నియమం మాత్రం తప్పదు: రిజర్వాయర్ నుంచి నీళ్లు నేరుగా పంపులోకి దిగాలి.

3. గాలి దారిని పరీక్షించండి

ముందువైపు నిండు గాజు, పక్కల సన్నని చీలికలు ఉన్న క్యాబినెట్లు చూడ్డానికి బాగుంటాయి. మూడు 120 ఫ్యాన్లు ఊపిరి తీసుకునే వైశాల్యం సుమారు 270 చదరపు సెంటీమీటర్లు. 40 సెంటీమీటర్ల ఎత్తు, ఒక సెంటీమీటరు వెడల్పు ఉన్న చీలికలు రెండు పక్కలా ఉంటే దొరికేది 80 మాత్రమే. ఆ ఇరుకులోంచి గాలిని లాగడానికి ఫ్యాన్లు వేగం పెంచాలి, చీలిక అంచుల దగ్గర గాలి ఈల వేస్తుంది. కాబట్టి స్కేలు తీసుకుని తెరుచుకున్న వైశాల్యాన్ని కొలవండి. అది ఫ్యాన్ల వైశాల్యానికి తగ్గకుండా ఉండాలి, జాలీ అయితే తీగలు కమ్మేసే భాగాన్ని తీసేసి లెక్కించాలి.

ముందు రేడియేటర్ గుండా లోపలికొచ్చిన గాలి అప్పటికే వేడెక్కి ఉంటుంది, దాన్నే పై రేడియేటర్ గుండా బయటికి పంపితే పైదాని సామర్థ్యం తగ్గుతుంది. వీలైతే రెండు రేడియేటర్లకూ బయటి చల్లగాలే అందేలా పెట్టి, వెనక ఒకటో రెండో ఫ్యాన్లతో బయటికి పంపే వీలున్న క్యాబినెట్ మేలు. లోపలికి గాలి వచ్చే ప్రతిచోటా, క్యాబినెట్‌ను కదపకుండా ముందుకు లాగి కడుక్కోగల దుమ్ము జల్లెడ ఉండాలి. మన ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు, దుమ్ము పట్టిన జల్లెడ మూసిన తలుపుతో సమానం.

4. గోడలనూ కంపనాన్నీ చూడండి

ఫ్యాన్లు నెమ్మదించాక రెండు శబ్దాలు పైకి తేలతాయి: పంపు సన్నని హమ్, గ్రాఫిక్స్ కార్డు కాయిల్ కూత (అందులోని తీగచుట్టలు విద్యుత్తుకు కంపించి చేసే సన్నని శబ్దం). మందమైన ఉక్కు పలక, దానికి అంటించిన బిటుమెన్ (తారు) షీట్ వంటివి పనికొచ్చేది ఈ దశలోనే. దుకాణంలో పక్క పలకను వేలి కణుపుతో తట్టి చూడండి. పళ్లెంలా గణగణ మోగితే అది పంపు కంపనాన్ని పెంచుతుంది, మందంగా ‘దబ్’ అంటే మంచిది. పంపును నేరుగా లోహానికి బిగించకుండా మెత్తని ఫోమ్ దిమ్మె మీద గానీ రబ్బరు వాషర్ల మీద గానీ నిలబెట్టడానికి అడుగున సమతలమైన చోటుండాలి. తిరిగే హార్డ్ డిస్కులు ఈ కంప్యూటర్‌లో పెట్టకపోవడమే ఉత్తమం.

5. కొన్ని మోడళ్లను పోల్చి చూడండి

2020లో వచ్చిన ఫ్రాక్టల్ డిజైన్ డిఫైన్ 7 వరుసలో శబ్దాన్ని తగ్గించే పలకలు ఉంటాయి, పైకప్పుకు మూసినదీ జాలీదీ రెండూ ఇస్తారు. పైన రేడియేటర్ పెడితే జాలీదే వాడాలి. ఎక్కువ గడులు కావాలంటే ఇందులో ఎక్స్ఎల్ అనే పెద్ద మోడల్ సరిపోతుంది. 2018 నాటి లియాన్ లీ ఓ11 డైనమిక్‌లో పైన, పక్కన, అడుగున మూడు 360 రేడియేటర్లు పడతాయి. గాజు ఎక్కువ కాబట్టి శబ్దాన్ని ఆపే గుణం తక్కువే, అయినా తొమ్మిది ఫ్యాన్లు మెల్లగా తిరుగుతుంటే ఆపాల్సిన శబ్దమూ తక్కువే. కోర్సెయిర్ 1000డీలో రెండు 480 రేడియేటర్లు (నాలుగేసి 120 ఫ్యాన్లవి), ఒక 420 (మూడు 140 ఫ్యాన్లది), ఒక 240 (రెండు 120 ఫ్యాన్లది) పడతాయి గానీ ఖాళీ పెట్టె బరువే 29 కిలోలు దాటుతుంది. మేడ మీద గది అయితే ఆలోచించుకోవాలి.

బల్ల కింద చోటుంటే ఇంకో దారి ఉంది. వాటర్‌కూల్ అనే జర్మన్ కంపెనీ చేసే మో-రా3 వంటి పెద్ద రేడియేటర్‌ను క్యాబినెట్ బయట నిలబెట్టి, త్వరగా ఊడదీసే కప్లింగులతో కలపవచ్చు. దాని 420 రకానికి 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు తొమ్మిది పడతాయి. అప్పుడు క్యాబినెట్ చిన్నదైనా ఫరవాలేదు, గొట్టాలు బయటికి వెళ్లడానికి వెనక రెండు రంధ్రాలుంటే చాలు. నిశ్శబ్దమే ఏకైక లక్ష్యమైతే నేను దీన్నే ముందు పెడతాను.

6. నీళ్లు నింపే చోటు, తీసే చోటు

ఏడాదికోసారి నీళ్లు మార్చేటప్పుడు ఇబ్బంది పడకూడదంటే కొనేముందే ఈ రెండూ గుర్తించాలి. రిజర్వాయర్ మూత పైకప్పు తీయగానే అందాలి, లేదా పైన ఫిల్ పోర్ట్ (నీళ్లు పోసే మూత) పెట్టే రంధ్రం ఉండాలి. గొట్టాల దారిలో అన్నిటికన్నా దిగువ ఉన్న చోట చిన్న వాల్వు పెట్టి, దాని కింద గిన్నె పట్టేంత జాగా ఉందో లేదో చూడండి. అడుగు పలక మీదే రేడియేటర్ ఉంటే వాల్వు దానికన్నా పైన పడి నీళ్లు పూర్తిగా దిగవు, అప్పుడు క్యాబినెట్‌ను ఒరిగించాల్సి వస్తుంది. నీళ్లు నింపిన పాతిక కిలోల పెట్టెను గాజు పలకతో సహా ఒరిగించడం ఒక్కరి పని కాదు కాబట్టి, అలాంటి మోడల్‌లో అడుగు రేడియేటర్ పోర్టులకే వాల్వు తగిలించే వీలుందో లేదో కొనే రోజే తేల్చుకోవాలి.