ప్రసంగం ఇరవై నిమిషాలు, మాటామంతీ యాభై నిమిషాలు: వీడియో గోష్ఠి పెట్టే పద్ధతి

రికార్డయిన మంచి ప్రసంగాన్ని పదిమంది ఒకచోట కూర్చుని చూడటం, చూశాక దాని మీద మాట్లాడుకోవడం: ఇంతే పని. దీనికి ఫంక్షన్ హాలు అక్కర్లేదు, ముఖ్య అతిథి అక్కర్లేదు. అపార్ట్‌మెంట్‌లో కామన్ హాలు, ఊళ్లో శాఖా గ్రంథాలయం, బడిలో ఒక గది, ఏదీ లేకపోతే పెద్ద వసారా సరిపోతుంది. గ్రంథాలయమైతే ముందుగా వెళ్లి గ్రంథపాలకుణ్ని అడగండి, సెలవు రోజేదో కూడా కనుక్కోండి. చాలా శాఖా గ్రంథాలయాలకు ఆదివారం కాదు, శుక్రవారం సెలవు.

అన్నిటికన్నా ముందు ఒక లెక్క తేల్చుకోవాలి. వీడియోను ఎవరింట్లో వాళ్లు ఫోన్‌లో చూసుకోగలరు. చెప్పులేసుకుని బయల్దేరి వచ్చేది పక్కవాళ్లతో మాట్లాడటానికి. గంటన్నర ఉపన్యాసం వేసి, చివర్లో పది నిమిషాలు చర్చకు వదిలితే అది సినిమా ఆట అవుతుంది, రెండోసారి ఎవరూ రారు. ప్రసంగం 20 నిమిషాలు దాటకుండా, మాటకు 50 నిమిషాలు తగ్గకుండా చూసుకోండి. జ్యోతి ప్రజ్వలన, శాలువా, వందన సమర్పణ పెట్టకండి. అవి సభకు అందం, కానీ ఈ గోష్ఠికి ఉన్న సమయమే తక్కువ.

ఎంచుకోవడం

అందరూ ‘అవునవును’ అనే ప్రసంగం చర్చకు పనికిరాదు. వక్త ఒక గట్టి మాట అనాలి, దానితో మీ వీధిలో కొందరైనా విభేదించాలి. కొత్త ఆలోచనల మీద చిన్న ప్రసంగాలు ఇప్పించి, వాటిని నెట్‌లో ఉచితంగా పెట్టే సంస్థ టెడ్ (TED). ఆ వేదిక మీద ప్రసంగానికి పెట్టిన హద్దు 18 నిమిషాలు కాబట్టి మొదట్లో అక్కడ వెతకడం సులువు. ఉదాహరణకు విద్యా పరిశోధకుడు సుగతా మిత్రా 2010లో ఇచ్చిన ప్రసంగం. టీచరు దగ్గర లేకపోయినా, కంప్యూటరు చేతికిచ్చి వదిలేస్తే పిల్లలు గుంపుగా తమంతట తాము నేర్చుకుంటారని ఆయన వాదన. మన తెలుగు యాసలో ఇంగ్లిషు మాట్లాడే హైదరాబాద్ పిల్లలతో చేసిన ప్రయోగం కూడా అందులో ఉంది. ఒక టీచరు, ఒక తల్లి, ఇంటర్ చదివే ఒక పిల్ల ఉన్న గదిలో ఇది వేసి చూడండి, మాట్లాడమని బతిమాలాల్సిన పని ఉండదు.

మనసును కుదిపే ప్రసంగాలతో జాగ్రత్త. 2009లో మైసూరులో జరిగిన టెడ్ ఇండియాలో హైదరాబాద్ ప్రజ్వల సంస్థకు చెందిన సునీతా కృష్ణన్ మనుషుల అక్రమ రవాణా మీద మాట్లాడారు. చూడాల్సిన ప్రసంగమే, కానీ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చినవాళ్ల ముందు చెప్పకుండా వేయకూడదు. ఆహ్వానంలోనే విషయం రాయండి, మొదలుపెట్టే ముందు ఇంకోసారి చెప్పండి, మధ్యలో లేచి వెళ్లినవాళ్లను కారణం అడగకండి.

అనుమతి సంగతి చాలామంది వదిలేస్తారు. టెడ్ ప్రసంగాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నాయి: వక్త పేరు, టెడ్ పేరు చెప్పి, లాభం చూసుకోకుండా, మార్పులు చేయకుండా పంచుకోవచ్చు. కాబట్టి టికెట్టు పెట్టకండి, ముక్కలు కోసి కొత్త వీడియోగా అతికించకండి. యూట్యూబ్‌లో దొరికే మిగతా వీడియోల విషయం వేరు. బహిరంగంగా ప్రదర్శించకూడదని యూట్యూబ్ నిబంధనల్లోనే రాసి ఉంటుంది. ఆ వీడియో యజమానికి తేదీ, స్థలం, వచ్చేవాళ్ల సంఖ్య, ప్రవేశం ఉచితమన్న మాట రాసి మెయిల్ పంపండి, ఫైలు కూడా వాళ్లనే అడగండి. జవాబు రాకపోతే ఆ వీడియో మానేసి ఇంకోటి చూసుకోండి.

ఎంచుకున్న ప్రసంగాన్ని రెండుసార్లు చూడాలి. మొదటిసారి మామూలుగా, రెండోసారి చేతిలో కాగితంతో. ఎక్కడ ఆపాలో ఆ నిమిషం, సెకను రాసుకోండి, మూడు ప్రశ్నలు రాసుకోండి. వక్త వాదనకు ఎదురు నిలిచే మాట కూడా ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. గదిలో అందరూ ఒకే వైపు ఒరిగినప్పుడు అది అక్కరకొస్తుంది.

తెర, శబ్దం, తెలుగు అక్షరాలు

కింద వచ్చే సబ్‌టైటిల్స్ చదవగలగాలంటే చివరి కుర్చీ తెర ఎత్తుకు ఆరు రెట్ల దూరం లోపల ఉండాలి. 43 అంగుళాల టీవీ తెర ఎత్తు సుమారు 21 అంగుళాలు, అంటే చివరి కుర్చీ పదిన్నర అడుగుల్లో ఉండాలి. 55 అంగుళాలదైతే పదమూడున్నర అడుగులు. పదిహేను మందికి 55 అంగుళాల టీవీ చాలు. అంతకు మించితేనే ప్రొజెక్టరు గురించి ఆలోచించండి. సాయంత్రం నాలుగున్నరకు కిటికీల్లోంచి వెలుతురు పడుతుంటుంది, మామూలు ప్రొజెక్టరు బొమ్మ వెలిసిపోతుంది. అద్దెకు తెచ్చేటప్పుడు ల్యూమెన్స్ (వెలుగు కొలత) ఎన్ని అని కాకుండా ‘ఆన్సీ ల్యూమెన్స్’ ఎన్ని అని అడగండి. చవక రకాల పెట్టె మీద వేలల్లో రాసే అంకె ఆ కొలత కాదు. వంద అంగుళాల బొమ్మకు, కొంచెం వెలుతురున్న గదిలో, 3000కు తగ్గితే లాభం లేదు.

బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం ఓర్చుకుంటారు, మాట వినిపించకపోతే ఐదో నిమిషానికి ఫోన్లు తీస్తారు. ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టరుకు కలిపే హెచ్‌డీఎంఐ వైరు పెట్టగానే ల్యాప్‌టాప్ శబ్దం ప్రొజెక్టరులోని చిన్న స్పీకరుకు వెళ్లిపోతుంది. మీరు తెచ్చిన పెద్ద స్పీకరు మూగబోయిందని కంగారుపడకుండా, గడియారం పక్కనున్న శబ్దం గుర్తు నొక్కి అసలు స్పీకరును ఎంచుకోండి. బ్లూటూత్ కన్నా వైరు మేలు. బ్లూటూత్‌లో శబ్దం కొంచెం ఆలస్యంగా వస్తుంది, పెదాలు ఒకచోట, మాట ఒకచోట అవుతుంది. తప్పనిసరైతే వీఎల్‌సీ (వీడియోలు ఆడించే ఉచిత సాఫ్ట్‌వేర్)లో జె మీట నొక్కుతూ పోతే శబ్దం ముందుకు జరుగుతుంది, ఎక్కువైతే కె మీట వెనక్కి తెస్తుంది. స్పీకరును నేల మీద గాని గది మూలలో గాని పెట్టకండి. స్టూలు మీద, కూర్చున్నవాళ్ల చెవి ఎత్తులో ఉంచండి. ఖాళీ హాల్లో మాట గింగుర్లు తిరుగుతుంటే నేలంతా జంపఖానాలు పరచండి, కర్టెన్లు వేయండి. సీలింగ్ ఫ్యాన్లు ఫుల్ స్పీడులో తిరిగేటప్పుడే శబ్దం పరీక్షించాలి, ఎందుకంటే జనం వచ్చాక అవి అలాగే తిరుగుతాయి.

ప్రసంగాన్ని ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, నెట్ మీద ఆధారపడకండి. కొన్ని టెడ్ ప్రసంగాలకు వాలంటీర్లు చేసిన తెలుగు సబ్‌టైటిల్స్ ఉంటాయి. సబ్‌టైటిల్ ఫైలుకు, వీడియోకు ఒకే పేరు పెట్టి ఒకే ఫోల్డరులో ఉంచితే వీఎల్‌సీ దానంతటదే తీసుకుంటుంది. తెలుగు బదులు డబ్బాలు కనిపిస్తే ప్రిఫరెన్సెస్‌లో సబ్‌టైటిల్స్ విభాగానికి వెళ్లి ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8గా, ఫాంటు నిర్మలా యూఐగా మార్చండి. ఇదంతా ముందు రోజు, అదే గదిలో, అదే ల్యాప్‌టాప్‌తో చూసుకోవాల్సిన పని.

తెలుగు సబ్‌టైటిల్స్ లేకపోతే మానుకోనక్కర్లేదు. రెండుచోట్ల ఆపి, అప్పటిదాకా వక్త చెప్పింది రెండు మూడు వాక్యాల్లో తెలుగులో చెప్పండి. అంతకు మించి చెబితే అది మీ ఉపన్యాసం అవుతుంది. మాట మరీ వేగంగా ఉంటే వేగాన్ని 0.9కి తగ్గించండి. 0.75 దగ్గర గొంతు సాగినట్టు వినిపించి ధ్యాస చెదురుతుంది.

కరెంటు సంగతి. మామూలు ఇంటి ఇన్వర్టరు టీవీని, రెండు ఫ్యాన్లను మోస్తుంది. ల్యాంపు ప్రొజెక్టరు ఒక్కటే 250 వాట్లు, ఒక్కోసారి అంతకు మించి లాగుతుంది, కాబట్టి దాన్ని కూడా ఇన్వర్టరు మోస్తుందో లేదో ముందే చూసుకోండి. కరెంటు పోయి వచ్చినా, వేడి మీదున్న ల్యాంపును వెంటనే వెలిగించకండి, కొన్ని నిమిషాలు చల్లారనివ్వండి. ఆ వ్యవధిలో అప్పటిదాకా విన్నదాని మీద మాట మొదలుపెట్టవచ్చు.

పిలుపు, టీ, కుర్చీలు

ఎనిమిది నుంచి ఇరవై మంది వరకు బాగుంటుంది. ఇరవై దాటితే మాట్లాడేది ఓ ఆరుగురే, మిగతావాళ్లు ప్రేక్షకులవుతారు. అప్పుడు రెండు వలయాలుగా విడదీయండి. వాట్సాప్‌లో ‘తప్పకుండా వస్తాం’ అన్నవాళ్లలో సగం మందికే కుర్చీలు లెక్కేసుకోండి. ముహూర్తాలున్న ఆదివారాలు వదిలేయండి. ఏడు తర్వాత పెడితే వంట పనుల వల్ల ఆడవాళ్లు రాలేరు, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరుంబావు లోపు అందరికీ కుదురుతుంది. పిలుపులో మూడు సమయాలూ రాయండి: ‘4:30కి టీ, 4:50కి ప్రసంగం, 6:10కి ముగింపు.’ ఆలస్యంగా వచ్చేవాళ్ల ఇరవై నిమిషాలు టీ ఖాతాలోకి పోతాయి.

టీ మొదట్లోనే ఇవ్వాలని గట్టిగా చెబుతాం. వీడియోకు, చర్చకు మధ్య ఇస్తే జనం మూడు గుంపులుగా చీలి సొంత కబుర్లలో పడతారు, ఇద్దరు అటునుంచి అటే ఇంటికి వెళ్తారు. ఇరవై మందికి లీటరు పాలు, ముప్పావు లీటరు నీళ్లు, 40 గ్రాముల టీపొడి, 130 గ్రాముల చక్కెర సరిపోతాయి. చక్కెర లేని టీ అడిగే ముగ్గురు నలుగురికి విడిగా తీసి పెట్టండి. చెగోడీలు, బిస్కెట్లు చివర్లో ఇవ్వండి, వీడియో నడిచేటప్పుడు ప్యాకెట్ల చప్పుడు మాటను మింగేస్తుంది.

కుర్చీలు వరసలుగా కాకుండా మొదటి నుంచే గుర్రపు నాడా ఆకారంలో వేయండి. తెర కనిపిస్తుంది, ఎదుటివారి ముఖమూ కనిపిస్తుంది. ముందు వరస వీపులు చూస్తూ ఎవరూ చర్చించలేరు.

మాట నడపడం

వీడియో అయిపోగానే లైటు వేసి ‘ఎలా ఉంది?’ అని అడగకండి. ‘చాలా బాగుందండీ’ అంటారు, అక్కడితో తలుపు మూసుకుపోతుంది. కాగితం, పెన్సిలు ఇచ్చి రెండు నిమిషాలు మౌనంగా రాయమనండి: ఏ మాట దగ్గర తల ఊపారు, ఏ మాట నమ్మబుద్ధి కాలేదు. తరవాత మూడు నిమిషాలు పక్కవారితో చెప్పుకోమనండి. పదిమందిలో నోరు విప్పనివాళ్లు కూడా ఒక్కరితో మాట్లాడతారు, అలా ఒకసారి మాట బయటపడ్డాక అందరి ముందు చెప్పడం తేలిక. ఆపైన ఒక్కొక్కరు ఒకే వాక్యం. కొత్త కోడలో, కాలేజీ పిల్లలో, మౌనంగా ఉన్నవాళ్లు ఏ వైపుంటే ఆ వైపు నుంచి మొదలుపెట్టండి.

అప్పుడు మీ ప్రశ్న వేయండి. అది నేల మీద నిలబడాలి. ‘విద్యా విధానం మీద మీ అభిప్రాయం?’ అంటే పేపర్లో చదివిన మాటలే వస్తాయి. ‘ఆ హైదరాబాద్ పిల్లల ప్రయోగం మన వీధి బడిలో పెడితే, మొదటి వారం ఏది ఆగిపోతుంది?’ అంటే కరెంటు నుంచి ఆడపిల్లలకు మౌసు దక్కకపోవడం దాకా అన్నీ బయటికొస్తాయి.

ఒక నియమం ముందే చెప్పండి: ఒకసారి మాట్లాడినవారు, ఇంకో ముగ్గురు మాట్లాడేదాకా ఆగాలి. అయినా ఎవరో ఒక పెద్దాయన ఉపన్యాసం అందుకుంటారు. మధ్యలో తుంచితే నొచ్చుకుంటారు, వదిలేస్తే పావుగంట పోతుంది. ఆయన ఊపిరి తీసుకునే చోట, ‘మాస్టారూ, మీరన్న ఈ మాట పట్టుకుని ఇటువైపు అడుగుతాను’ అని ఆయన మాటనే ఇంకొకరికి ప్రశ్నగా అందించండి. మాట పార్టీల వైపు మళ్లితే, ‘ఇది ప్రసంగంలో ఏ మాట నుంచి వచ్చిందండీ?’ అని అడిగితే చాలు, చాలాసార్లు దారికి వస్తుంది. నిశ్శబ్దం వస్తే భయపడి పూరించకండి, మనసులో పది లెక్కపెట్టండి. ఎనిమిది దగ్గర ఎవరో ఒకరు మొదలుపెడతారు.

6:05కి ఆపండి, చర్చ రంజుగా ఉన్నా సరే. ఇంకా చెప్పాల్సింది మిగిలినవాళ్లు మళ్లీ వస్తారు. వచ్చే ప్రసంగానికి రెండు పేర్లు ముందుపెట్టి చేతులెత్తించండి, తేదీ అక్కడే ఖాయం చేయండి, వచ్చేసారి నడిపేది మీరు కాకుండా ఇంకొకరని ఒప్పించండి. చర్చలో తేలినవి, తేలనివి నాలుగు వాక్యాల్లో ఆ రాత్రే గ్రూపులో పెట్టండి. జంపఖానాలు మడిచి, గ్రంథాలయం తాళం తిరిగి ఇచ్చేటప్పుడు వచ్చే నెల తేదీ అక్కడి రిజిస్టరులో కూడా రాయించండి.