మాల వేసుకుని మందు మానేవాళ్ల ఇంట్లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

కార్తీకం దగ్గర పడిందంటే చాలా ఇళ్లల్లో ఒకటే మాట: "ఈసారి మాల వేయిద్దాం, 41 రోజులు మానితే తర్వాత అదే పోతుంది." అలా మానినవాళ్లు లేకపోలేదు. కానీ ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్లు ఊరుకోదు.

మా చిన్న మామయ్య మాల వేసుకునే ముందు రాత్రి "ఇదే ఆఖరు" అని ఫుల్ బాటిల్ ఖాళీ చేశాడు. రెండో రోజు తెల్లవారుజామున బావి దగ్గర చన్నీళ్లు పోసుకుంటూ, చెంబు చేతిలో ఉండగానే ఫిట్స్ వచ్చి పడిపోయాడు. "స్వామి పూనాడు" అని ఒకాయన కొబ్బరికాయ కూడా తెచ్చాడు. నుదుటికి ఆరు కుట్లు పడ్డాయి.

అందుకే ముందు డాక్టరు, తర్వాత మాల. మాలకు కనీసం పది రోజుల ముందే సైకియాట్రిస్టుకు చూపించండి. లేవగానే ఓ పెగ్గు పడితేగానీ టీ గ్లాసు ఒలకకుండా పట్టుకోలేనివాళ్లు, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు ఇంట్లో సొంతంగా మానకూడదు. డాక్టరు క్లోర్‌డయజిపాక్సైడ్, లోరాజిపామ్ లాంటి మాత్రలు మొదలుపెట్టి, వారం పది రోజుల్లో తగ్గించుకుంటూ ఆపేస్తారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవి కావు ఇవి. బీపీ మాత్రకు అడ్డురాని దీక్ష దీనికి మాత్రం ఎందుకు అడ్డొస్తుంది? గురుస్వామికి విషయం చెప్పేయండి, నీరసంగా ఉన్నప్పుడు ఉపవాసాల జోలికి వెళ్లనివ్వరు.

ఆఖరి చుక్క పడిన ఆరు గంటల నుంచే వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి 48 గంటల్లో వస్తాయి. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పొచ్చు: గోడ మీద లేని పురుగుల్ని దులుపుతాడు, ఎదురుగా లేనివాళ్లతో పోట్లాడతాడు, ఒళ్లు కాలిపోతుంది. అది పూనకం కాదు, ప్రాణం మీదికి వచ్చే జబ్బు. 108కి ఫోన్ చేయండి. ఆ నాలుగు రోజులూ చెరువుకో బావికో ఒంటరిగా పంపొద్దు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో వైన్ షాపులు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం బారులు తీరింది ఇందుకే.

నీరసంగా ఉన్నాడని ఊళ్లో గ్లూకోజ్ సెలైన్ ఎక్కించేస్తారు. బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇవ్వకుండా ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. తాగుతాడని ముందే చెప్పండి, దాచొద్దు.

తాగేది కల్లయితే అదీ చెప్పాలి. తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో అల్ప్రాజోలం, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. ఆపితే ఆ మత్తుమందుల తిప్పలు కూడా తోడవుతాయి.

ఇక తాగుడు మాన్పించే మాత్రలు. డైసల్ఫిరామ్ వేసుకున్నాక కొంచెం తాగినా మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. దాన్ని కూరలో, మజ్జిగలో తెలియకుండా కలిపే ఇల్లాళ్లున్నారు. వాళ్ల బాధ అర్థమవుతుంది, కానీ ఆ పని మనిషిని చంపగలదు. అతనికి చెప్పి, ఆఖరిసారి తాగి 12 గంటలు దాటాకే మొదలుపెట్టాలి. ద్రాక్షారిష్టం, కొన్ని దగ్గు సిరప్‌లలో కూడా ఆల్కహాల్ ఉంటుంది, జాగ్రత్త. నాల్‌ట్రెక్సోన్ తాగాలన్న యావను తగ్గిస్తుంది. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, రెండూ కలిస్తే పడవు.

శబరిమల వెళ్లేటప్పుడు మాత్రలూ చీటీ చేతిసంచిలో పెట్టండి. అసలు గండం మాల తీసిన రోజు. స్నేహితులు బాటిల్ పట్టుకుని వాకిట్లోనే ఉంటారు. డైసల్ఫిరామ్ ఆపినా దాదాపు రెండు వారాలు దాని ప్రభావం ఉంటుంది, అప్పుడు తాగినా ప్రమాదమే. అందుకే మాల తీసే వారానికి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ ఇప్పుడే తీసుకోండి. మధ్యలో మనసు లాగితే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి గానీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి గానీ ఫోన్ చేయొచ్చు, డబ్బులేం పడవు.