పెరటి బాతుపిల్లలు తగ్గిపోతున్నాయా? ఆనవాలు చూసి శత్రువును గుర్తించే విధానం

తిరుపతి, చంద్రగిరి, పుత్తూరు ప్రాంతాల్లో పెరట్లో బాతులను పెంచేవారు పిల్ల ఒకటి లెక్క తగ్గగానే సాధారణంగా ముంగిసను నిందిస్తారు. ఆ నింద చాలాసార్లు తప్పవుతుంది. గద్ద చేసిన పనికి కింద కంప నాటినా, పాము చేసిన పనికి పైన వల కట్టినా ఖర్చు మిగులుతుంది గానీ పిల్ల మిగలదు. కాబట్టి గూడు ఊడ్చే ముందే పిల్లలను చివరిసారి ఎప్పుడు లెక్కపెట్టారో, దొరికిన కళేబరం మీద గాయం ఎక్కడుందో, జాలీలో గానీ నేలలో గానీ కొత్త సందు ఏదైనా ఏర్పడిందో చూసుకోవాలి.

మరొక విషయం. కోడి చీకటి పడగానే తనంతట తాను గూటికి చేరి ఎత్తు మీద కూర్చుంటుంది. బాతు నేల మీదే పడుకుంటుంది, తోలకపోతే చాలాసార్లు బయటే ఉండిపోతుంది. కోళ్ళ అలవాటును నమ్ముకుని బాతులను పెంచడం వల్ల జరిగే నష్టమే అన్నిటికంటే ఎక్కువని నా అభిప్రాయం.

పగటిపూట ఒక్కొక్కటిగా మాయమవుతున్నాయి, రక్తం లేదు, ఈకలు లేవు

ఇది ఎక్కువగా పైనుంచి వచ్చే శత్రువు పని. మొదటి రెండు వారాల పిల్లలను కాకి కూడా ఎత్తుకుపోగలదు, కాస్త పెరిగిన పిల్లలకు గద్ద, డేగల భయం ఉంటుంది. మన వైపు బాతుగుడ్లను కోడిపెట్ట కింద పొదిగించడం వాడుక. కోడిగుడ్డుకు 21 రోజులు పడితే బాతుగుడ్డుకు దాదాపు 28 రోజులు పడుతుంది గనుక పెట్ట అంతకాలం ఓపికగా కూర్చునేదై ఉండాలి. గద్ద నీడ కనబడగానే పెట్ట కేక వేస్తుంది, కోడిపిల్లలైతే పరుగున వచ్చి రెక్కల కింద దూరుతాయి, బాతుపిల్లలు మాత్రం అప్పటికే నీళ్ళలో ఉంటాయి, పెట్ట గట్టు మీద అరుస్తూ నిలబడవలసిందే. అందుచేత తల్లి ఉందన్న ధైర్యంతో పిల్లలను బయట వదలరాదు. మొదటి నాలుగు వారాలు పైన వల కప్పిన ఆవరణలోనే తిప్పాలి. వల కన్ను అంగుళానికి మించకుండా, మనిషి తల తగలనంత ఎత్తున బిగువుగా కట్టాలి. మెరిసే సీడీలు, దిష్టిబొమ్మలు కొద్ది రోజులే పనిచేస్తాయి. అవి కదిలే తీరు కాకికి త్వరలోనే అలవాటైపోతుంది.

ఒకేసారి నాలుగైదు చచ్చి పడి ఉన్నాయి, మెడ మీద పంటి గాట్లు ఉన్నాయి, కొన్నిటిని తినలేదు

ఇక్కడ సమయమే సాక్షి. ముంగిస పగటి జంతువు, చీకటి పడితే బొరియ చేరుతుంది. కాబట్టి ఇది మధ్యాహ్నం జరిగితే ముంగిసను అనుమానించవచ్చు, రాత్రి జరిగితే జంగుపిల్లినో, ఊరి పిల్లినో, పునుగుపిల్లినో అనుమానించాలి. శ్రీవారి సేవలో వాడే తైలంతో ముడిపడిన పేరు కావడం వల్ల పునుగుపిల్లి మీద ఎవరికీ అనుమానం రాదు గానీ, అది మామిడి కొమ్మ మీదుగా గూటి కప్పు పైకి దిగి, వదులుగా ఉన్న రేకు కిందుగా లోపలికి దూరగలదు. జాలీని పీకి, గుంజలను వంచి, పిల్లలను చెల్లాచెదురుగా పారేసి ఉంటే అది వీధికుక్కల పని.

ఈ జంతువులన్నిటికీ పరిష్కారం దాదాపు ఒక్కటే. దుకాణంలో చవకగా దొరికే ఆరుకోణాల కోళ్ళ జాలీ పక్షులను లోపల ఉంచడానికే గానీ శత్రువును ఆపడానికి కాదు. కుక్క దాన్ని పంటితో చింపగలదు, చిన్న జంతువు దాని కన్నులోంచి ముట్టె పెట్టగలదు. అర అంగుళం కన్ను ఉన్న వెల్డ్ మెష్‌ను కనీసం నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకైనా బిగించి, కింది అంచును అడుగు లోతున పాతిపెట్టాలి. నేల రాతిగా ఉండి తవ్వడం కష్టమైతే అదే మెష్‌ను గోడ మొదలు నుంచి బయటి వైపుకు అడుగున్నర పరచి, దాని మీద బండలు పేర్చాలి. గోడ మొదట్లోనే తవ్వబోయే జంతువుకు అక్కడ ఇనుము తగులుతుంది. తలుపుకు తాడు ముడి కాక గడియ ఉండాలి, కప్పు మీదికి వంగిన కొమ్మలను కొట్టివేయాలి.

విషపు ఎర, ఉచ్చు మాత్రం పెట్టకూడదు. ముంగిస, పునుగుపిల్లి, ఉడుము, కొండచిలువ వంటివి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందినవి. విషపు ఎరను మీ బాతులే తినే ప్రమాదమూ ఉంది.

ఒక పిల్ల గాయం లేకుండా చచ్చింది, తల జిగటగా తడిసి ఉంది

మింగబోయి వదిలేసిన పాము గుర్తు అది. ఒక్కోసారి పిల్లను మింగి పొట్ట ఉబ్బిన పాము వచ్చిన కన్నులోంచి బయటపడలేక తెల్లవారేసరికి గూట్లోనే ఉంటుంది. కిరోసిన్, ఫినాయిల్, వెల్లుల్లి నీళ్ళు చల్లడం నమ్మదగిన కాపు కాదు. పాము తరచు ఎలుకల కోసం వచ్చి పిల్లను చూస్తుంది, కాబట్టి గూటి పక్కన కట్టెల కుప్పలు, రాళ్ళ గుట్టలు తీసివేసి, గూటి బయట మిగిలిన దాణాను సాయంత్రమే ఎత్తివేయాలి. పైకప్పుకు వాడే నైలాన్ వలను నేల వరకు వేలాడదీయకూడదు, పాము అందులో చిక్కుకుని మీ చేతికి అందేంత దగ్గర ప్రమాదమవుతుంది. పాము కనిపిస్తే మీరు ముట్టుకోకుండా అటవీ శాఖ వారికో, పాములు పట్టేవారికో చెప్పాలి.

కాళ్ళు కొరికి ఉన్నాయి, కళేబరాన్ని కన్నం వైపు ఈడ్చినట్టుంది

పందికొక్కు, పెద్ద ఎలుక. అడుగున కడప బండలు పరచి, సందులను సిమెంటుతో పూడ్చడమే మందు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మనకు ఈశాన్య రుతుపవనాల వానలు పడి, బొరియల్లో నీరు చేరి ఇవి ఇళ్ళ వైపు వస్తాయి గనుక ఆ పని సెప్టెంబరులోనే ముగించుకోవాలి.

గాయమే లేదు, ఒక మూలన కుప్పగా చచ్చి ఉన్నాయి

బహుశా శత్రువు లోపలికి రానేలేదు. రాత్రి కుక్క అరుపుకు బెదిరి పిల్లలు మూలకు గుంపుగా దూరితే కింద పడినవి ఊపిరాడక చనిపోతాయి. మూలలను అట్టతోనో చాపతోనో గుండ్రంగా మూయాలి. తల్లి బాతు లేని పిల్లలకు తొలి వారాల్లో ఈకలు నీటిని అంతగా ఆపవు, తడిసి చలికి చనిపోవచ్చు. నిలువు గోడల తొట్టిలో పడితే ఎక్కి రాలేవు, అందులో మెట్టులా ఇటుకలు పెట్టాలి. ఇవేవీ కారణం కాకపోతే రోగం అనుకోవాలి. అప్పుడు కళేబరాన్ని పాతిపెట్టక, కవరులో చుట్టి మంచు గడ్డల మధ్య ఉంచి, అదే రోజు దగ్గరి పశువైద్యశాలకు గానీ, తిరుపతి పశువైద్య కళాశాలకు గానీ తీసుకువెళ్ళి శవపరీక్ష అడగాలి.