గ్రాఫిక్స్ కార్డు గోల చేస్తోందా? ముందు చెవి పెట్టి వినండి

మొన్న రాత్రి పదకొండింటికి పాలకొల్లు నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, గేమ్ పెట్టగానే సీపీయూలోంచి కీచురాయి కూసినట్టు ఒకటే సౌండ్. షాపులో చూపిస్తే కార్డు పోయింది, కొత్తది వేయించుకోమన్నారు."

"మెనూలో ఉన్నప్పుడు ఎక్కువా, ఆడేటప్పుడు ఎక్కువా?"

"మెనూలోనే మావయ్యా. ఆట మొదలైతే కాస్త తగ్గుతోంది."

కార్డుకేం కాలేదురా, పడుకో అన్నాను. శబ్దం ఎలా ఉందో చెబితే సగమే తెలుస్తుంది. ఎప్పుడొస్తోందో చెబితే మిగతా సగం తెలిసిపోతుంది.

కార్డేనా, వేరేదా?

క్యాబినెట్ పక్క మూత తీసి, వార్తాపత్రికను గొట్టంలా చుట్టి ఒక కొస చెవికి పెట్టుకోండి. రెండో కొసను దేనికీ తగలకుండా ఒక్కో భాగం దగ్గరికి తీసుకెళ్లండి. హార్డ్ డిస్క్ దగ్గర "టక్... టక్" అని వినిపిస్తే ఇది చదవడం ఆపి ముందు ఫోటోలు, ఫైళ్లు వేరేచోటికి కాపీ చేసుకోండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడే బుర్రుమంటుంటే అది చాలావరకు పవర్ సప్లై గోల. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఇది మామూలే, సైన్ వేవ్‌ది పెడితే పోతుంది. పాపం, కార్డు తప్పేం లేదు.

సన్నగా కీచుమంటుంటే

దీన్ని కాయిల్ వైన్ అంటారు. కార్డు మీద కరెంటును సర్దే చిన్న చిన్న కాయిల్స్ ఉంటాయి. లోడు, అంటే కార్డు మీద పడే పని, వేగంగా మారుతుంటే అయస్కాంత బలానికి వాటి తీగ అదురుతుంది. ఆ అదురు మన చెవికి అందే స్థాయిలో ఉంటే కీచుమని వినిపిస్తుంది. గేమ్ మెనూలో బొమ్మ తేలిక కాబట్టి, హద్దు పెట్టకపోతే కార్డు సెకనుకు వెయ్యికి పైగా ఫ్రేములు, అంటే బొమ్మలు, కూడా గీసేస్తుంది. మావాడి గోల అదే.

మందు ఫ్రేములకు హద్దు పెట్టడమే. మానిటర్ 60 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చేది, అయితే 60, 144ది అయితే 144. గేమ్ సెట్టింగుల్లో ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే వి-సింక్ ఉంటుంది. ఎన్విడియా కంపెనీ కార్డైతే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ అని ఉంటుంది. ఏఎండీ కార్డు వాళ్లకు అదే పని చేసే రేడియన్ చిల్ ఉంది. కాస్త తెలిసినవాళ్లు వోల్టేజీ తగ్గించి చూడవచ్చు. ఆ తర్వాత కూడా సన్నగా మిగిలితే మిగలనివ్వండి, దానివల్ల కార్డు పాడవదు.

గరగర, టకటక అంటుంటే

ఇది ఫ్యాన్ల పని. మన డెల్టాలో ఫ్యాన్‌కు శత్రువులు ఎక్కువ. రైస్ మిల్లు దగ్గరుంటే ఊక దుమ్ము, బూడిద. నరసాపురం, అంతర్వేది వైపైతే ఉప్పుగాలి. ఆ తేమకు దుమ్ము రెక్కల మీద అట్టు కట్టేస్తుంది. ఒక రెక్క బరువెక్కితే చాలు, ఫ్యాన్ ఊగిపోయి ఒక వేగం దగ్గర "ఊఁ" అని మొదలుపెడుతుంది. తొలకరి సాయంత్రం మానిటర్ వెలుగుకు వచ్చిన ఉసిళ్ల రెక్కలు మా కార్డులోంచి గుప్పెడు తీశాను ఒకసారి.

కంప్యూటర్ ఆపి, గోడ స్విచ్ కట్టేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి. అప్పుడు రెక్కను వేలితో తిప్పండి. ఏదైనా వైరు తగులుతుంటే పక్కకు కట్టేయండి, టకటక చాలాసార్లు అంతే. దుమ్మైతే మెత్తటి బ్రష్, చేతి బ్లోయర్ చాలు. గాలి కొట్టేటప్పుడు రెక్క తిరగకుండా పట్టుకోండి, లేకపోతే బేరింగు దెబ్బతింటుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి, దాని గాలిలో నీళ్లు ఉంటాయి.

శుభ్రం చేశాక కూడా గరగరమంటే క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టి ఆన్ చేయండి. శబ్దం మారితే బేరింగు అరిగినట్టే. కోనసీమలో కొబ్బరినూనె లేని ఇల్లుండదు కదా అని చుక్క వేయకండి! 24 డిగ్రీల దగ్గర అది గడ్డకడుతుంది. ధనుర్మాసంలో పొద్దున్నే ఆన్ చేస్తే ఫ్యాన్ కదలదు. కుట్టుమిషన్ నూనె వేస్తే కొన్నాళ్లు గడుస్తుంది. అసలు పరిష్కారం ఫ్యాన్ మార్చడమే. దాని వెనక స్టిక్కర్ మీద ఉన్న నంబరుతో వెతికితే అదే రకం దొరుకుతుంది. వారంటీ ఉంటే స్క్రూ ముట్టుకోకముందే బిల్లు వెతకండి.

బరువైన కార్డు ఒక పక్కకు వాలినా ప్లాస్టిక్ తొడుగు ఫ్యాన్‌కు రాసుకుంటుంది. కింద చిన్న చెక్కముక్క ఆధారం పెడితే సరి, లోహం మాత్రం వద్దు.

కాసేపు గుర్రుమని, కాసేపు నిశ్శబ్దం

చాలా కార్డులు చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్లు పూర్తిగా ఆపేస్తాయి. 50-60 డిగ్రీలకు చేరాక తిప్పుతాయి. రోహిణీ కార్తెలో ఏసీ లేని గదిలో కార్డు ఖాళీగా ఉన్నా ఆ హద్దు దగ్గరే ఊగిసలాడుతుంది. అందుకే ఫ్యాన్ నిమిషానికోసారి లేచి, పడుకుంటుంది. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్యాన్ ఆగకుండా 30 శాతం మీద నిదానంగా తిరిగేలా పెట్టండి. చప్పుడు ఒకే తీరుగా ఉంటే చెవి దాన్ని పట్టించుకోదు.

ఇక చిటపటమన్నా, కాలిన వాసన వచ్చినా ఈ ప్రయోగాలేవీ వద్దు. గోడ దగ్గరే స్విచ్ కట్టేసి మెకానిక్‌ను పిలవండి.