ఓపెన్ సోర్స్ పరిశోధన (అందరికీ అందుబాటులో ఉన్న సమాచారంతో చేసేది), 4వ పాఠం: ఈ ఫొటో ఎప్పటిది?

కిందటిసారి అభ్యాసానికి ఇచ్చిన నీట మునిగిన వీధి ఫొటోకి దాదాపు అందరూ ఒకే జవాబు రాశారు: 2020 అక్టోబరు 14. ఎలా తేలిందంటే ఫైలు పేరు చూపించారు. ఐఎంజీ, తర్వాత 20201014, ఆ తర్వాత డబ్ల్యూఏ. ఆ వారం హైదరాబాద్ మునిగిన మాట నిజమే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఫొటో మాత్రం 2016 సెప్టెంబరు వానలకి నిజాంపేట బండారి లేఅవుట్ మునిగినప్పటిది. ఈసారి ఉపగ్రహ చిత్రాలు మొదలుపెడదామనుకున్నాను. అవి తర్వాత, ముందు ఈ లెక్క తేలాలి.

వాట్సాప్ పెట్టే పేరులోని తేదీ ఫొటో తీసిన రోజు కాదు, అది మీ ఫోన్‌కి చేరిన రోజు. 2016 నాటి ఫొటోని పెదనాన్నగారు ఈ పొద్దున ఫ్యామిలీ గ్రూప్‌లో ఫార్వర్డ్ చేస్తే పేరులో ఈ రోజు తేదీయే పడుతుంది. పైగా మామూలుగా పంపితే కెమెరా రాసుకున్న తేదీ, లొకేషన్ వివరాలు ఎగిరిపోతాయి. ఫొటో తీసినవాళ్లే దొరికితే డాక్యుమెంట్‌గా పంపమని అడగండి, అవి మిగులుతాయి. అప్పుడు కూడా ఫోన్‌లో టైమ్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి.

రివర్స్ సెర్చ్‌లో, అంటే ఫొటోనే ఇచ్చి అది నెట్‌లో ఇంకెక్కడుందో వెతికితే, దొరికిన పాత పేజీ తేదీని ఫొటో తేదీగా వేసినవాళ్లదీ ఇదే పొరపాటు. ఆ రోజుకల్లా ఫొటో ఉందని మాత్రమే ఆ పేజీ చెబుతుంది. అంతకు నెల ముందుదా, నాలుగేళ్ల ముందుదా అన్నది దానికి తెలియదు.

అందుకే నా షీట్‌లో ‘తేదీ’ అనే గడే ఉండదు. ‘ఇంతకు ముందుది కాదు’, ‘ఇంత తర్వాతది కాదు’ అని రెండు గడులుంటాయి. దొరికిన ప్రతి ఆధారం ఈ రెండింటిలో ఒకదానిలోకి వెళ్లాలి. ఫైలు పేరు, పాత పేజీ రెండో గడిలోకి వెళ్తాయి. మొదటి గడిని ఫొటో లోపలున్నవే నింపాలి. దానికి నాకు అన్నిటికంటే ఇష్టమైనది బండి నంబరు ప్లేటు. టీఎస్ కనిపిస్తే 2014 జూన్‌కి ముందుది కాదు. టీజీ కనిపిస్తే 2024 మార్చికి ముందుది కాదు. సరే, మరి ఏపీ 09 కనిపిస్తే? 2014కి ముందుదని రాసేశారు చాలామంది. రాష్ట్రం ఏర్పడగానే పాత బండ్లన్నీ తుక్కుకి వేసేశామా? ఏపీ ప్లేట్లతో ఇప్పటికీ తిరుగుతున్నాయి. కాబట్టి పాత ప్లేటు ఏ గడిలోకీ వెళ్లదు, దాన్ని వదిలేయండి.

దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి 2020 సెప్టెంబరు 25న మొదలైంది. ఫొటోలో కేబుళ్లు కనిపించినంత మాత్రాన ఆ తేదీ వేయకండి, కట్టేటప్పుడూ అవి కనిపించాయి. జనం బండ్ల మీద వంతెన దాటుతుంటే అప్పుడు వేయండి. మెట్రో రైలూ అంతే. 2017 నవంబరు 28 ప్రారంభానికి ముందే ట్రయల్ రన్‌లు జరిగాయి.

నీడల గురించి ఒక్క మాట. మధ్యాహ్నం నీడ ఉత్తరానికే పడుతుందని విదేశీ పాఠాల్లో చదివి అలాగే పట్టుకోకండి. మన దగ్గర సుమారు మే 9 నుంచి ఆగస్టు 3 దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. అలాంటి నీడ దొరికితే ఋతువు తెలిసిపోయినట్టే. వాన ఫొటోల్లో మాత్రం దొరకదు.

పేజీలను వేబ్యాక్ మెషిన్‌లో (వెబ్ పేజీల పాత కాపీలు దాచే సైటు) భద్రపరచడం రెండో పాఠంలోనే చెప్పాను, మళ్లీ చెప్పను. థీసిస్‌లో పెట్టేటప్పుడు నంబర్ ప్లేట్లు, ముఖాలు మసక చేయండి. మొదటి రెండక్షరాలు ఉంచితే సరిపోతుంది.

అభ్యాసం: మీ ఇంటివాళ్ల గ్రూప్‌లో వచ్చిన, ఎవరు తీశారో తెలియని హైదరాబాద్ వీధి ఫొటో ఒకటి తీసుకోండి. రెండు గడుల మధ్య దూరం ఆరు నెలలకు మించకూడదు. ఒక్కో గడికి కనీసం రెండు వేర్వేరు ఆధారాలుండాలి. తర్వాత ఫొటోనీ షీట్‌నీ మాత్రమే ఒక స్నేహితుడికిచ్చి, మీరు పక్కన లేకుండా మళ్లీ చేయించండి. ఇద్దరికీ తేడా వస్తే రెండు షీట్లూ పంపండి. ఆరు నెలల్లోకి రాకపోతే మూడేళ్లని రాసినా ఫర్వాలేదు, ఊహించి మాత్రం కుదించకండి.