పాత లారీని నిలబెట్టుకుందాం – 8వ పాఠం: డీజిల్ లైనులో గాలి తీయడం

గత పాఠంలో ట్యాంకు దించి, లోపలి తుప్పు కడిగి, మళ్లీ బిగించడం వరకు చెప్పుకున్నాము. ఆ పని పూర్తిచేసిన వారిలో చాలామంది ఒకే మాట రాశారు: ఇంజిన్ అందుకుంది, రెండు నిమిషాలు బాగానే తిరిగింది, తరువాత దగ్గుతూ ఆగిపోయింది. కొందరు పంపే పాడైందనుకొని దాన్ని ఊడదీసే దాకా వెళ్లారు. దయచేసి పంపు జోలికి పోకండి. ట్యాంకు దించితే లైను ఖాళీ అయి గాలి పడుతుందన్న సంగతిని వేరుగా చెప్పనవసరం లేదనుకున్నాను, చెప్పవలసింది. అందుకే బ్రేకుల పాఠాన్ని వచ్చేసారికి జరిపి, ఈ ఒక్క విషయానికే ఈ పాఠం కేటాయిస్తున్నాను.

మనం పట్టుకున్నది టాటా 697 ఇంజిన్. 6 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) కనుక ఆ సంఖ్య; 692 ఇంజిన్‌లో బోరు 92 మిల్లీమీటర్లు. 1954లో టెల్కో (తరువాతి టాటా మోటార్స్) సంస్థ డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీల తయారీ చేపట్టింది. ఆ ఒప్పందం 1969లో ముగిసినా ఇంజిన్ తీరులో ఆ పోలిక చాలాకాలం నిలిచింది. అశోక్ లేలాండ్ కామెట్ ఉన్నవారికి స్క్రూల చోట్లు మారుతాయి గాని, డీజిల్ నడిచే వరుస ఇదే: ట్యాంకు, దాని నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు, ఫిల్టర్లు, డీజిల్ పంపు, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు.

గాలిని కూడా ఆ వరుసలోనే తీయాలి. ఫీడ్ పంపు మీది హ్యాండ్ ప్రైమర్ (చేత్తో కొట్టి డీజిల్ ఎక్కించే పిడి) మర విప్పి, మొదటి ఫిల్టర్ పైనున్న గాలి స్క్రూ వదులు చేసి, నురగ పోయి నిండు ధార వచ్చేదాకా కొట్టండి. ధార కారుతుండగానే స్క్రూ బిగించాలి. రెండో ఫిల్టర్‌కూ, డీజిల్ పంపు స్క్రూకూ ఇదే పద్ధతి. పని అయ్యాక ప్రైమర్ పిడిని తిరిగి మర బిగించడం మరవకండి. చివరగా నాజిల్ పైపుల నట్లు అర చుట్టు వదులు చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. నేను ఆరింటినీ వదులు చేయను, మూడు చాలు; మూడు సిలిండర్లు అందుకుంటే తక్కినవి గాలిని తామే నెట్టివేస్తాయి. సెల్ఫ్‌ను ఒక విడతకు 15 సెకన్లకు మించి కొట్టకండి. నాజిల్ వైపు చిమ్మే డీజిల్‌కు చెయ్యి అడ్డం పెట్టవద్దు. అది చర్మాన్ని చీల్చుకొని లోపలికి వెళుతుంది. అలా జరిగితే గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంత చేసినా మర్నాడు మళ్లీ గాలి పట్టిందంటే, ఎక్కడో లోపలికి వస్తోందన్నమాట. చాలామంది పొరబడేది ఇక్కడే. "ఎక్కడా ఒక్క చుక్క కారడం లేదు, గాలి ఎలా వస్తుంది?" అని అడుగుతారు. ఫీడ్ పంపు దాటిన తరువాత డీజిల్ ఒత్తిడితో నడుస్తుంది కనుక అక్కడ లోపముంటే బయటికి కారుతుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకు పీల్పు మీద నడుస్తుంది కనుక అక్కడ లోపముంటే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. కారని చోటే వెతకాలి.

ఆ దారిలో మొదటి దోషి రాగి వాషర్. బాంజో కన్నుకు (పైపు చివర బోల్టు దూరే ఉంగరానికి) అటొకటి ఇటొకటి ఉండే ఈ వాషర్లను ట్యాంకు దించినప్పుడు తీసి, అవే మళ్లీ వేశామని మీరే రాశారు. ఒకసారి నలిగిన రాగి గట్టిపడుతుంది. ఎంత బిగించినా ముఖానికి అతుక్కోదు. కొందరు ఇంకా బలంగా పానా తిప్పి బాంజో బోల్టు తెంపుకున్నారు, కొందరు టెఫ్లాన్ టేపు చుట్టారు. టేపు చుట్టడాన్ని నేను ససేమిరా ఒప్పుకోను. బాంజోలో డీజిల్‌ను ఆపేది మర కాదు, వాషర్ ముఖం. మరకు చుట్టిన టేపు ఆ పని చేయదు సరిగదా, దాని పీలికలు ఫీడ్ పంపు వాల్వు కింద ఇరుక్కొని కొత్త జబ్బు తెస్తాయి.

కొత్త వాషర్లు విజయవాడ ఆటోనగర్‌లో ఏ స్పేర్ల దుకాణంలోనైనా దొరుకుతాయి. పాతవి పలచబడకుండా ఉంటే కాల్చి వాడుకోవచ్చు; నేను అదే చేస్తాను. డీజిల్ తడి పూర్తిగా తుడిచి, లారీకి దూరంగా, ఇనుప తీగకు గుచ్చి మంట మీద పట్టండి. నీడలో చూస్తే దొండపండు రంగు రాగానే నీళ్లలో వదలండి. ఉక్కును అలా ముంచితే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. కమ్మరి పని తెలిసినవారు ఇక్కడే సందేహిస్తారు. నల్లటి పొర రాలి గులాబీ రంగు బయటపడుతుంది. గాజు పలక మీద సన్నని ఎమరీ కాగితం పరచి రెండు ముఖాలూ గుండ్రంగా రుద్దండి. కాల్చని వాషర్ బండ మీద పడితే టింగుమంటుంది, కాల్చినది తపుక్కుమంటుంది. నా చెవికి ఆ తేడా చాలు.

వాషర్లు మార్చినా తీరకపోతే ట్యాంకు లోపలి గొట్టాన్ని అనుమానించండి. నా టాటా 1210 లారీ ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు నడిచి, సగానికి దిగగానే నందిగామ దగ్గర రెండుసార్లు ఆగిపోయింది. ఆ గొట్టానికి సగం ఎత్తులో సూదిమొన పట్టేంత రంధ్రం ఉంది. డీజిల్ దాన్ని ముంచినంతకాలం బయటపడలేదు.

అభ్యాసం: ఫీడ్ పంపు ముందు ఒక జానెడు పారదర్శకమైన డీజిల్ గొట్టం తాత్కాలికంగా వేసి, పావుగంట ఇంజిన్ నడిపి బుడగలు చూడండి. బుడగలు ఉంటే శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, పంపు కంటె ఎత్తున ఉంచి, దాని నుంచి లైను ఇవ్వండి. అప్పుడు బుడగలు ఆగితే లోపం ట్యాంకు వైపే. బాగుచేశాక వరుసగా మూడు రాత్రులు లారీని నిలిపి, ప్రతి ఉదయం ప్రైమర్ ముట్టకుండా స్టార్ట్ చేయండి. మూడు రోజులూ మొదటి సెల్ఫ్‌కే అందుకున్నవారు మాత్రమే బ్రేకుల పాఠానికి రండి.